డాట్ వెంచర్‌లో కార్నర్ బిట్టు

బెజవాడ వాడికి భూమి అమ్మడం ఎవరూ నేర్పక్కర్లేదు. గొల్లపూడి నుంచి గన్నవరం దాకా, ఇబ్రహీంపట్నం నుంచి ఉయ్యూరు దాకా మన కంటికి పొలం ఆనదు, సర్వే రాళ్లే ఆనుతాయి. మినుము చేలో నిలబడి నలభై అడుగుల రోడ్డు చూడగల దివ్యదృష్టి మనది. అలాంటి ఊళ్లో పుట్టిన మనం, భూగోళం మొత్తం మీద ఒకడు వెంచర్ వేసి అమ్మేస్తుంటే కొనుక్కునేవాళ్ల వరసలో నిలబడ్డాం చూశారూ, అదీ అవమానం. ఆ వెంచర్‌కు మట్టి అక్కర్లేదు, పాస్‌బుక్ అక్కర్లేదు. ఒక చుక్క పెట్టి పక్కన ఒక మాట రాస్తే ప్లాటు.

చుక్క పక్కన మాటను డొమైన్ ఎక్స్‌టెన్షన్ అంటారు. డాట్ కామ్, డాట్ ఇన్ మనకు అలవాటైనవే. దేశాల పేర్లు పక్కన పెడితే అలాంటివి ఒకప్పుడు ఇరవై పైచిలుకు మాత్రమే ఉండేవి. 2012లో ఐకాన్ లేఅవుట్ గేట్లు తెరిచింది. ఐకాన్ అంటే కాలిఫోర్నియాలో రిజిస్టరైన, లాభాపేక్ష లేని సంస్థ. లాభాపేక్ష లేదు కాబట్టి దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి 1,85,000 డాలర్లతో సరిపెట్టింది. అప్పటి రేటున కోటి రూపాయలకు కాస్త తక్కువ. 1,930 దరఖాస్తులు వచ్చి పడ్డాయి. క్యాలిక్యులేటర్ వద్దు, 35 కోట్ల డాలర్లు దాటింది. ప్లాటు దక్కినవాడు ఆ తర్వాత ఏటా మరో 25,000 డాలర్లు కట్టుకోవాల్సి వచ్చేది. వెంచర్ పూర్తయ్యేసరికి 1,200 పైగా కొత్త ఎక్స్‌టెన్షన్లు బోర్డు మీదికెక్కాయి. షాప్, స్టోర్, ఆన్‌లైన్, క్లబ్, నింజా, పిజ్జా, గురు. ఈ చివరిది బెజవాడ వాడికి ఉచితంగా ఇవ్వాల్సింది, రోజుకు ఎన్నిసార్లు వాడతామో లెక్కలేదు గురూ.

అమ్మకం పద్ధతి చూస్తే మనవాడెవడో కన్సల్టెంటుగా వెళ్లాడేమో అనిపిస్తుంది. ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్లకు ముందుగా తెరిచే విడతను ‘సన్‌రైజ్’ అంటారు. ఆ తర్వాత మంచి పేర్ల కోసం ఎక్కువ డబ్బిచ్చి ఎగబడే విడతను ‘ల్యాండ్ రష్’ అంటారు. ఇవి నా వెటకారం కాదు, ఆ వ్యాపారం తనకు తాను పెట్టుకున్న పేర్లే. సన్‌రైజ్ ఆంధ్రప్రదేశ్ హోర్డింగుల కింద నిలబడి బస్సెక్కినవాళ్లం, ల్యాండ్ రష్ ఎలా ఉంటుందో తుళ్లూరు దాకా వెళ్లి చూసొచ్చినవాళ్లం. మనకు వేరే డిక్షనరీ కావాలా?

ఇక వేలంపాటలు. డాట్ షాప్ కోసం 2016లో ఒక జపాన్ కంపెనీ 4.15 కోట్ల డాలర్లు పోసింది. అదే ఏడాది డాట్ వెబ్ పాట 13.5 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. పాట కంటే పొడుగ్గా దాని మీద తగాదా సాగింది. ఇంత పోసినవాడు ఆ సొమ్మును ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు? పరలోకం నుంచి కాదు కదా, మన బెజవాడ వన్ టౌన్ కొట్ల నుంచే. ఇందులో మనవాళ్లకూ వాటా ఉందని గర్వపడదాం: డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ టెక్ అమ్మే ర్యాడిక్స్ ముంబయి కంపెనీ డైరెక్టి గూటి నుంచి ఎగిరిందే.

ఈ డాట్ ప్లాట్లు అమ్మే ఏజెంట్లు వన్ టౌన్‌కు రావడానికి మంచి సమయం మధ్యాహ్నం. బందరు, గుడివాడ, తిరువూరు నుంచి పొద్దున వచ్చిన బేరాలు మూటలు కట్టించుకుని వెళ్లిపోయి ఉంటాయి. వస్త్రలత బట్టల మార్కెట్లో గుమాస్తాలు విప్పిన చీరలు మడతపెడుతూ ఉంటారు. షావుకారు గల్లాపెట్టె మీద చెయ్యేసి కాస్త కునుకు తీద్దామా అని చూస్తుంటాడు. సరిగ్గా అప్పుడు దిగుతాడు కుర్రాడు. మెడలో ట్యాగు, వీపున ల్యాప్‌టాప్.

“అంకుల్, మీ పేరుతో డాట్ కామ్ దొరకదు. సూరత్‌వాళ్లెవరో ఎప్పుడో తీసేసుకున్నారు. డాట్ స్టోర్ ఇప్పిస్తా. ఫస్ట్ ఇయర్ తొంభై తొమ్మిదే.”

“రెండో ఏడాదికెంత?”

“అప్పటికి మీ బిజినెస్ ఎక్కడుంటదో అంకుల్!”

“నా బిజినెస్ ఇక్కడే ఉంటది బాబూ, ఇదే షాపు నెంబర్లో. నీ రేటు ఎక్కడుంటదీ అని.”

కుర్రాడు వెంటనే స్క్రీన్ తిప్పి వేరే సంగతులు చూపిస్తాడు. రెండో ఏడాది నుంచి రేటు వేలల్లోకి వెళ్తుందన్న ముక్క చిన్న అక్షరాల్లో పేజీ అడుగున ఉంటుంది. దానికంటే చిన్న అక్షరాల్లో కూడా లేని సంగతి ఇంకొకటి ఉంది. డాట్ కామ్ హోల్‌సేల్ ధర ఎంత దాకా పెంచొచ్చో ఒప్పందంలో హద్దు ఉంది. కొత్తవాటికి ఆ హద్దు లేదు. ఆరు నెలల ముందు నోటీసిచ్చి ఎంతైనా పెంచుకోవచ్చు. పెంచరులే అనుకునేవాళ్ల కోసం 2017 ఉంది: యూనిరిజిస్ట్రీ అనే సంస్థ తన ఎక్స్‌టెన్షన్లు సరిగ్గా అమ్ముడుపోవడం లేదని కొన్నింటి ధరలు దాదాపు 30 రెట్ల దాకా పెంచింది. సరుకు అమ్ముడుపోకపోతే రేటు తగ్గించడం మన మెయిన్ రోడ్డులో పద్ధతి. ఎందుకంటే మన కొనుగోలుదారు పక్క కొట్టుకు పోగలడు. బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, కవర్ల మీద, పెళ్లిళ్ల సీజన్‌లో పంచిన పదివేల సంచుల మీద ఆ పేరు అచ్చేయించుకున్నవాడు ఎక్కడికి పోతాడు?

“గూగుల్లో ముందు మీరే వస్తారంకుల్, పేరులోనే స్టోర్ ఉంది కదా” అన్నది రెండో బాణం. గూగుల్ 2015లోనే ఈ సంగతి బహిరంగంగా తేల్చేసింది: కొత్త ఎక్స్‌టెన్షన్లకు వెతుకులాటలో ప్రత్యేక లాభమూ లేదు, ప్రత్యేక నష్టమూ లేదు. చుక్క పక్కన ‘చీరలు’ అని ఉన్నంత మాత్రాన చీరలు వెతికేవాళ్లకు మీరు ముందు కనబడరు. కుర్రాడికి ఇది తెలియదనుకోను. చెబితే కమీషన్ రాదు.

సరే, షావుకారు మొహమాటపడి కొన్నాడే అనుకుందాం. ఒక రోజు తెనాలి నుంచి ఫోన్.

“కొత్త డిజైన్లు వచ్చాయన్నారు, ఎక్కడ చూడాలండీ?”

“మన వెబ్‌సైట్లో పెట్టామమ్మా. పేరు కొట్టి డాట్ స్టోర్ అని కొట్టండి.”

“స్టోర్ డాట్ కామా?”

“కాదమ్మా, ఉత్త డాట్ స్టోర్.”

“ఉత్త డాట్ ఏంటండీ… ఎందుకొచ్చింది, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టేయండి.”

పెట్టేశాడు. చీర ఫొటో, పక్కన రేటు, కింద ‘ఐదు కలర్లు, సెట్టుగానే ఇవ్వబడును’. సాయంత్రానికి ఫోన్‌పేలో అడ్వాన్సు, రాత్రికి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్సిల్, తెల్లారి లారీ రసీదు ఫొటో అదే వాట్సాప్‌లో. ఈ వ్యాపారంలో డాట్ ఎక్కడ పడింది? రేటులో ఉన్న సున్నాల మధ్యన కూడా పడలేదు.

సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వమే ఈ దారికి వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ మొదలుపెట్టి, 161 సేవలకు ఏ వెబ్‌సైటూ వెతుక్కోవద్దు, 95523 00009 నెంబరుకు వాట్సాప్‌లో ‘హాయ్’ కొట్టండి అంది. హైటెక్ అనే మాటను ఇంటిపేరుగా పెట్టుకున్న సర్కారుకే పేరు కంటే నెంబరు నయమనిపిస్తే, వన్ టౌన్ షావుకారును వెనకబడినవాడని అనడానికి ఆ కుర్రాడికి నోరెలా వస్తుందో.

కొత్త వెంచర్లో ఇంకో సమస్య ఉంది. పక్క ప్లాట్లు ఎవరు కొంటున్నారన్నది. తొంభై తొమ్మిదికి దొరుకుతుంటే వ్యాపారి ఒకటి కొంటాడు. మోసగాడు వెయ్యి కొంటాడు, వారం వాడి వదిలేస్తాడు. వాడికి రెన్యువల్ బెంగే లేదు. ఇంటరైల్ అనే సంస్థ 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా లెక్క తీస్తే, డొమైన్ల మార్కెట్‌లో కొత్త ఎక్స్‌టెన్షన్ల వాటా 11 శాతం, సైబర్ నేరాలకు వాడినవాటిలో మాత్రం దాదాపు 37 శాతం. డాట్ టాప్ నడిపే చైనా సంస్థకు, మోసాల ఫిర్యాదులు పట్టించుకోవడం లేదని 2024 జులైలో ఐకాన్ నోటీసు పంపాల్సి వచ్చింది. అంతకుముందు ఉచితం కథ ఒకటి నడిచింది. పసిఫిక్ మధ్యలో పదిహేను వందల మంది ఉండే టోకెలావు అనే దీవుల పేరున డాట్ టీకే. ఫ్రీనామ్ అనే సంస్థ దాన్ని ఊరికే పంచింది. ఊరికే వస్తే ఎవరెవరు వస్తారో వాళ్లే వచ్చారు. 2023లో మెటా కోర్టుకు లాగింది, 2024లో ఫ్రీనామ్ దుకాణం కట్టేసింది.

గూగుల్ కూడా తన వంతు చేసింది. 2023 మేలో డాట్ జిప్ అమ్మకానికి పెట్టింది. జిప్ అంటే ఫైలు పేరు చివర ఉండేదని చిన్నపిల్లలకూ తెలుసు. జీఎస్టీ బిల్లులు జిప్ చేసి పంపానని ఆడిటర్ గారు మెసేజ్ పెడితే అది ఫైలో, సైటో, ఎవడి సైటో షావుకారు ఎలా తేల్చుకోవాలి? తెలివైనవాళ్లందరూ ఒకే గదిలో కూర్చుంటే ఇలాంటివి పుడతాయి.

కొండ పక్కనే ఉన్న మన ఊరికి దేవుడి పేరున జరిగే మోసం గురించి చెప్పనక్కర్లేదు. తిరుమల దర్శనం టికెట్లు, గదులు అంటూ నకిలీ సైట్లు పుట్టడం, కేసులు పెట్టడం ఏటా జరిగే ఉత్సవమైపోయింది. అసలు సైటేమో పేర్లు మార్చుకుంటూ వచ్చింది. తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని జనం నేర్చుకునేలోపు, 2024 జనవరిలో టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అయింది. తల ఎన్నిసార్లు మారినా చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉంది కాబట్టి భక్తుడు పట్టుకోవడానికి ఒక కొస మిగిలింది. ఆ కొసను ఎవడుబడితే వాడు తొంభై తొమ్మిదికి కొనలేడు. దాని విలువంతా అందులోనే ఉంది.

ఈ సంగతి రిజర్వు బ్యాంకుకు ఆలస్యంగానైనా తట్టింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, అక్టోబరు 31 లోపు దేశంలోని బ్యాంకులన్నీ తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలంది. అమ్మే పని హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే అప్పజెప్పింది. బ్యాంకు కాకపోతే దొరకదు, బేరమాడినా దొరకదు, ఆఫర్ ఉండదు. వెంచర్ అంటే అదీ. వాచ్‌మన్ నిద్రపోని వెంచర్. ఇందులో నవ్వు ఏమిటంటే, స్టేట్ బ్యాంకు అదివరకే సొంతంగా డాట్ ఎస్‌బీఐ అనే ఎక్స్‌టెన్షనే తెచ్చుకుని దర్జాగా వాడుతుండేది. ఏమైంది? అందరితో పాటు అదీ వచ్చి డాట్ బ్యాంక్ డాట్ ఇన్ వరసలో నిలబడింది. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు నయం, డాట్ మెక్‌డొనాల్డ్స్ అని కొనుక్కుని 2017లో మాకొద్దని తిరిగి ఇచ్చేశారు. బర్గర్ కావాల్సినవాడు చుక్క వెతకడని అంత డబ్బు పెట్టాక తెలిసింది.

ఇప్పుడు మనవాళ్లకు కోపం వచ్చే దగ్గరికి వద్దాం. మనకు సొంత ఎక్స్‌టెన్షన్ ఉంది, తెలుసా? డాట్ భారత్, అచ్చ తెలుగు లిపిలో, ‘త’కు పొల్లుతో సహా. 2011లోనే ఐకాన్ దగ్గర ఆమోదం పొందింది. వస్త్రం డాట్ భారత్ అనో, బందరులడ్డు డాట్ భారత్ అనో తెలుగులో కొనుక్కునే వీలుంది. రాజస్థాన్ ప్రభుత్వం 2017లో హిందీ డాట్ భారత్ మీద జనానికి ఈమెయిళ్లే ఇచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల సర్కారీ సైట్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల డాట్ గవ్ డాట్ ఇన్ మీదే నడుస్తున్నాయి. ఆగస్టు 29న గిడుగువారి పటానికి దండ వేసి, తెలుగు వెలగాలని ఉపన్యసించి, ఆ ఫొటోలు పెట్టడానికి ఇంగ్లీషు అడ్రసు కొడతాం.

అలాగని కొన్నవాడి సుఖం చూడండి. ఫోన్‌లో కీబోర్డు తెలుగులోకి మార్చాలి. పేరు కొట్టాలి. చుక్క కోసం ఇంకో తెరలోకి పోవాలి, మళ్లీ తెలుగులోకి రావాలి, భారత్ కొట్టాలి, చివర పొల్లు మర్చిపోతే భారత అయి వేరే పేరైపోతుంది. ఇంత కష్టపడి తెరిచిన సైటు అడ్రసును కాపీ చేసి తెనాలి అమ్మకు వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు అక్కడ తెలుగు ఉండదు. ఎక్స్ఎన్, రెండు గీతలు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అని ఉంటుంది. లోపలి యంత్రాలకు తెలుగు రాదు కాబట్టి మన భారత్‌ను అవి అలా రాసుకుంటాయి. తెనాలి అమ్మ దాన్ని చూసి, ఇదేదో మోసం లింకని నొక్కదు, పైగా నెంబరు బ్లాక్ చేస్తుంది. ఆమె చేసింది ఒప్పే. ఈ తప్పు తెలుగుదీ కాదు, ఆమెదీ కాదు. బ్రౌజర్లు, వాట్సాప్, ఈమెయిల్ ఫారాలు తెలుగును తెలుగుగా చూపించేలా వెంటపడాల్సినవాళ్లు దండలు వేసే పనిలో ఉన్నారు.

నన్నడిగితే, వన్ టౌన్ కొట్టుకు సైటే కావాలనుకుంటే డాట్ ఇన్ చాలు. పేరు దొరక్కపోతే పేరు పక్కన ఊరు తగిలించండి, బెజవాడ అనే మాట మీద ఇంకా ఎవడూ ప్రీమియం వసూలు చేయడం లేదు. కంప్యూటర్ల కంపెనీ పెట్టి అమెరికా వాడికి అమ్మేవాడైతే డాట్ ఏఐ కొనుక్కోవచ్చు, వాడి కొనుగోలుదారుకు ఆ అక్షరాలు అలవాటే. ఆ డబ్బు కరీబియన్‌లోని అంగ్విల్లా అనే బుల్లి దీవి ఖజానాకు పోతుంది. 2023లో ఆ సర్కారు ఆదాయంలో ఐదో వంతుకు పైగా ఈ రెండక్షరాల మీద వచ్చిందే. పాపం, మంచి పనే.

కానీ డాట్ పక్కన ఏముందన్న దానికంటే డాక్యుమెంటు ఎవరి పేరున ఉందన్నది ముఖ్యం, అది చూసినవాడు లేడు. మన ఊళ్లో సగం కొట్ల సైట్లు వాటిని చేసిన కుర్రాళ్ల ఈమెయిళ్ల మీదే రిజిస్టరై ఉంటాయి. కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి ఫోన్ నెంబరు మారుతుంది. రెన్యువల్ మెయిళ్లు వాడి పాత ఐడీకి వెళ్లి పడి ఉంటాయి. ఒకరోజు తెల్లారి చూస్తే ఇరవై ఏళ్ల కొట్టు పేరు మీద ఆన్‌లైన్ రమ్మీ ఆడుతుంటుంది. సెంటు స్థలం కొంటే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ముప్పై ఏళ్ల చరిత్ర లాగే షావుకారు, తన పేరును వేరేవాడి పేరున రాయించి రసీదు కూడా అడగడు. ఆ పాస్‌వర్డు ఎక్కడుందని అడిగితే, ‘మా బామ్మర్ది కొడుక్కి తెలుసు’ అంటాడు.

2026 ఏప్రిల్‌లో రెండో విడత అని ఐకాన్ ముందే చాటింపు వేసింది. ఈసారి ఫీజు 2,27,000 డాలర్లు, దగ్గర దగ్గర రెండు కోట్లు. లండన్‌కు డాట్ లండన్ ఉంది, టోక్యోకు డాట్ టోక్యో ఉంది, మనమేం తక్కువ అని ఎవరో ఒకరు పైకి లేస్తారు. లేవాలి కూడా. కానీ ముందు డాట్ బెజవాడా, డాట్ విజయవాడా అన్నది తేలాలి. జిల్లా కృష్ణా అని పెడితే విజయవాడ 2022 నుంచి అందులో లేదు. ఇక్కడి హెల్త్ యూనివర్సిటీ సంగతి ఎలాగూ ఉంది: ఎన్టీఆర్ పేరు 2022లో వైఎస్సార్ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది, దాంతో పాటే వెబ్ అడ్రసులో అక్షరాలూ అటు నుంచి ఇటు మారాయి. ఆ లెక్కన మన డాట్ ఎవరి పేరున ఉండాలో అఖిలపక్షం కూర్చుని తేల్చేసరికి దరఖాస్తు గడువు దాటిపోతుంది. రెండు కోట్లు మిగులుతాయి.